సేతువ ఈకల చేప

మా అత్తవారింట్లో ఒక చట్టం ఉండేది. ఎవరు పట్టిన చేపకి తలకాయ వాళ్లదే. రాజ్యాంగానికైనా సవరణలు జరిగాయి గానీ, ఆ ఇంట్లో ఆ చట్టం అలాగే నిలిచింది. అది తెలియక, కాపురానికొచ్చిన మూడో రోజే నేను పెద్ద నేరం చేశాను.

మాది రాజమండ్రి. మా నాన్నకి పూలకొట్టు. కడియం నుంచి బుట్టల్లో దిగిన చేమంతులు, బంతులు, లిల్లీలు నా చేతుల్లోంచి దండలై బయటికి వెళ్లేవి. పదేళ్ల వయసులోనే కళ్లు మూసుకుని పెళ్లిదండ కట్టేదాన్నని మా అమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది. మేమూ చేపలు తినేవాళ్లమే గానీ, అమ్మ తలకాయలు బజార్లోనే వదిలేసి నడిమి ముక్కలు మాత్రం ఇంటికి తెచ్చేది. చేపకి తలకాయ ఉంటుందనీ, దాన్ని మనుషులు ఇష్టంగా తింటారనీ నాకు వినికిడే తప్ప చూసింది లేదు.

పెద్ద తుఫానుకి కోనసీమలో కొబ్బరిచెట్లు కూలిపోయిన మరుసటి వేసవిలో నాకు పెళ్లయింది. అత్తవారిది అప్పనపల్లికి దగ్గర్లో, గోదావరి పాయ వైనతేయ గట్టుని ఆనుకున్న ఊరు. తుఫాను వదిలేసిన కొబ్బరితోట, ఒక పెంకుటిల్లు, ఒక గేదె, ఒక పిల్లి. మూడో రోజు పొద్దున్నే మావయ్యగారు ఏటి నుంచి మూరెడు చేప పట్టుకొచ్చారు. అత్తగారు దాన్ని కోసి, "పులుసెట్టమ్మా" అని నాకు అప్పగించి పక్కవీధిలో పేరంటానికి వెళ్లారు. నేను ముక్కలన్నీ శుభ్రంగా కడిగాను. తలకాయ మాత్రం నావైపే చూస్తున్నట్టుంటే భయమేసి, తీసుకెళ్లి పెరట్లో పిల్లికి వేశాను.

భోజనాల దగ్గర మావయ్యగారు పులుసు దాకలో గరిటె తిప్పారు. మళ్లీ తిప్పారు. అడుగుదాకా వెతికారు.

"తలకాయేదమ్మా?"

"పిల్లికి వేసేసేనండి."

మా ఆయన మొహం కంచంలోకి దించేసుకున్నాడు. అత్తగారు చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మావయ్యగారు గరిటె నెమ్మదిగా కిందపెట్టి, పెరటి గుమ్మంలో మూతి నాక్కుంటున్న పిల్లిని చూశారు.

"ఆయ్. అయితే ఈ చేపని పట్టింది అదన్నమాట. నేనే పట్టేననుకుని పొద్దున్నించీ మురిసిపోతన్నాను" అన్నారు.

గోదావరి వెటకారం గురించి పెళ్లికి ముందు చాలామంది హెచ్చరించారు గానీ, అది కంచంలోకే వడ్డిస్తారని ఎవరూ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే కోపమొచ్చింది. నా కోపం ముక్కుమీదే ఉంటుంది, దిగమంటే దిగదు. "చట్టాలుంటే గోడమీద రాసి పెట్టుకోవాలండీ, కొత్తగా వచ్చినవాళ్లకి ఎలా తెలుస్తుంది?" అనేశాను. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, పొలమారేదాకా నవ్వారు. ఆరోజు నుంచి ఆయనకీ నాకూ స్నేహం కుదిరింది.

మావయ్యగారు కొబ్బరి రైతే గానీ ఆయన మనసంతా ఏట్లో ఉండేది. ఆయన విసురువల వెయ్యడం చూడ్డానికి నేను పనులు వదిలేసి గట్టుకి వెళ్లేదాన్ని. వల అంచు పళ్ల మధ్య బిగించి, సగం కుడి భుజం మీద, సగం ఎడమ చేతి మీద సర్దుకుని, నడుం ఒక్కసారి తిప్పి వదిలితే అది గాల్లో గుండ్రంగా విచ్చుకుని నీళ్లమీద పడేది. ఆ ఇంట్లో ఎప్పుడూ చేప కొన్నది లేదు. దొరికిన రోజున పులుసు, దొరకని రోజున ముద్దపప్పు. తలకాయ ఎప్పుడూ ఆయనదే. ఆ తలకాయ తినడం కూడా ఒక పని. అరగంట పట్టేది. ఆఖరికి ఆయన కంచంలో మిగిలిన ఎముకలు కడిగి ఆరబెట్టినట్టు ఉండేవి.

నాలుగో ఏడు మాఘమాసంలో ఒక పొద్దున ఆయన నూతి దగ్గర పళ్లు తోముకుంటుంటే వేపపుల్ల చేతిలోంచి జారింది. తీసుకోబోయి ఆయన కూడా పడిపోయారు. కాకినాడ ఆసుపత్రిలో మూడు వారాలున్నాం. కాలు తిరిగొచ్చింది, కాస్త ఈడుస్తూ. మాట తిరిగొచ్చింది, వెటకారంతో సహా. కుడిచెయ్యి మాత్రం రాలేదు. మోచెయ్యి దాకా కొంచెం కదిలేది, వేళ్లు పలికేవి కావు.

విసురువల చూరుకి వేలాడిపోయింది. ఆయన గట్టు వైపు వెళ్లడం మానేశారు. వీధరుగు మీద ఏటికి వీపు పెట్టి కూచునేవారు. భోజనం వెనక వసారాలో, ఒక్కరే, గోడకి తిరిగి, ఎడంచేత్తో చెంచా పట్టుకుని తినేవారు. "నలుగుర్లో కూచుని ఎడంచేత్తో తినడం బావుంటాదేటమ్మా" అనేవారు. ఆ చెంచా చప్పుడు వింటుంటే మాకెవరికీ ముద్ద దిగేది కాదు.

మా ఆయన అమలాపురంలో కాలేజీ ల్యాబులో పనిచేసేవాడు. ఒకరోజు సాయంత్రం వస్తూ చేప కొనుక్కొచ్చాడు. ఆ ఇంటికి కొన్న చేప రావడం అదే మొదలు. మావయ్యగారు దాన్ని చూసి, "కొన్న చేపకి తలకాయ ఎవరిదిరా?" అన్నారు. "చట్టం చట్టవే. పట్టని చేప నేను తిన్ను" అని లేచిపోయారు. ఆయన తిననిది అత్తగారు వండరు. అంతే, మా ఇంట్లో పులుసు వాసన ఆగిపోయింది. ఏటిగట్టు మీద ఇల్లు పెట్టుకుని చేప వండకపోతే ఊరు ఊరుకుంటుందా? "ఇంటిల్లిపాదీ మాలేసుకున్నారాండీ?" అని అడిగేవారు. మాల వేసుకున్నా నలభై ఒక్క రోజులే, మాది ఏడాది దాటింది.

నిజం చెప్పాలంటే నాకు జాలి కన్నా కోపం ఎక్కువగా ఉండేది. చెయ్యి పోతే పోయింది, నాలుక ఉంది కదా అనిపించేది. ఒకరోజు ఆ మాట పైకే అనేశాను. "మీ చట్టాన్ని అటకెక్కించండి మావయ్యగారూ, అత్తయ్యగారు చేప తిని ఎన్నాళ్లయింది?" అన్నాను. ఆయన వెళ్లి వీధరుగు మీద కూచున్నారు. వెటకారం కూడా చెయ్యలేదు. అప్పుడు మాత్రం నాకు భయమేసింది.

ఆ వేసవిలో మా ఆడపడుచు భర్త మస్కట్ నుంచి సెలవు మీద వచ్చారు. నాకు వరసకి అన్నయ్యగారు. అక్కడ ఒక తెల్లదొర దగ్గర డ్రైవరు. అందరికీ సెంటు సీసాలు, చీరలు, పాలపొడి డబ్బాలు తెచ్చారు. మావయ్యగారికి మాత్రం అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద గాజుడబ్బీ ఒకటి తెచ్చి చేతిలో పెట్టారు.

లోపల ఒక చేప. కాదు, చేపలాంటిది. కొక్కెం వెనక పొడుగాటి తెల్ల కోడి ఈకలు, మెడ చుట్టూ మేకవెంట్రుకల్లాంటి తెల్లవెంట్రుకలు, వాటి మధ్య రెండు మూడు మెరుపు పోగులు, గొంతు దగ్గర ఎర్రచుక్క, తలకి రెండువైపులా గీసిన కళ్లు. దగ్గరగా చూస్తే కోడీ, మేకా, దారం. కాస్త దూరంగా పట్టుకుని ఊపితే చేపపిల్ల.

"మా దొర సముద్రంలో దీంతోటే పడతాడండి. ఎర అక్కర్లేదండి. దీన్ని డిసీవర్ అంటారంట, మోసగాడని అర్థవంట. ఉప్పునీళ్ల చేపలకి పాతకాలం నించీ ఇదే వాడతారంటండి" అన్నారు అన్నయ్యగారు.

"ఎంత పెద్దవి పడతాయి అల్లుడుగారూ?" మావయ్యగారి గొంతులో చాలారోజులకి కాస్త ఆసక్తి వినపడింది.

"నా నడుం దాకా వచ్చేవి పడ్డవి చూసేనండి. పట్టి, ఫోటో తీసుకుని, మళ్లీ నీళ్లలో వదిలేస్తాడండి."

పట్టిన చేపని వదిలెయ్యడమన్న మాట ఆ గోడలు ఎన్నడూ విని ఉండవు. చివరికి అత్తగారే తేరుకుని, "పాపం, ఇంట్లో వండిపెట్టేవాళ్లు లేరు కావోసు" అన్నారు.

మావయ్యగారు నవ్వలేదు. ఆ ఈకల చేపని ఎడంచేత్తో వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తూ ఉండిపోయారు. ఇంతలో పిల్లి ఎక్కణ్ణించో వచ్చి, ఎగిరి దాన్ని ఒక్క దెబ్బ కొట్టబోయింది. మావయ్యగారు చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుని, "చూసేరా, చేపల సంగతి తెలిసింది ఈ ఇంట్లో దానికే. అదే వొప్పుకుంది" అన్నారు.

అన్నయ్యగారు మస్కట్ వెళ్లిన వారానికి, ఒక తెల్లవారుజామున మావయ్యగారు మంచం మీద లేరు. అత్తగారు గుండెలు బాదుకోవడమొక్కటే తక్కువ. మా ఆయన ఒకవైపు, నేనొకవైపు వెతకబోతుంటే ఆయనే వచ్చారు. మోకాళ్లదాకా బురద, ఎడంచేతిలో వెదురుగెడ, గెడ చివర తెగిన దారం.

"కొట్టిందమ్మా!" అన్నారు గుమ్మంలోంచే. "పండుగప్ప! చెంప పగలగొట్టినట్టు కొట్టింది!"

ఆయన చెప్పగా తెలిసింది ఇదీ. మా ఊరి పొలాల మురుగునీళ్లన్నీ ఒక తూములోంచి వైనతేయలో పడతాయి. రోజుకి రెండుసార్లు సముద్రం వెనక్కి తగ్గుతుంది, దాన్ని పాటు అంటారు. పాటు వేళ తూములోంచి నీళ్లు ఏటిలోకి జోరుగా వస్తుంటే, వాటితో వేలెడంత పిత్తపరిగె చేపలు కొట్టుకొస్తాయి. తూము మెట్ల నీడలో పండుగప్పలు నోళ్లు తెరుచుకుని కాపలా కాస్తాయి. మావయ్యగారు ఆ మెట్టు మీద కూచుని, గెడకి కట్టిన ఈకల చేపని తూము నీళ్లలోకి వదిలేశారు.

"విసరక్కర్లేదమ్మా. నీళ్లే తీసుకుపోతాయి. ఒంటిచేత్తో చాలు. ముడే సరిగ్గా పడలేదు, పంటితో వేసేను కదా, జారిపోయింది." అంటూ ఖాళీ దారం చూపించారు. చూపిస్తుండగానే మొహంలో వెలుగు తగ్గిపోయింది. "ఉన్నది అదొక్కటే. అల్లుడుగారు మళ్లీ రావాలంటే రెండేళ్లు."

నేను ఆ దారం కొస చేతిలోకి తీసుకున్నాను. పదిహేను నెలల తర్వాత ఆ మనిషి ఏటికి ఎదురుగా కూచుని వచ్చాడు. ఇది ఇక్కడ తెగిపోవడానికి వీల్లేదని నాకు గట్టిగా అనిపించింది.

"నేను కడతానండి" అన్నాను.

"పువ్వులు కట్టినట్టా?"

"పువ్వైనా ఈకైనా దారానికేం తెలుస్తుందండీ."

"అయితే ఎర్రనీరొచ్చేలోపు కట్టాలమ్మా. వరదొస్తే పండుగప్పలు సముద్రంలోకి పోతాయి." ఆషాఢంలో పై నుంచి వరద దిగుతుంది. మా చేతిలో నెలా పది రోజులున్నాయి.

ముందు ఈకలు కావాలి. అవి అత్తగారి తమ్ముడి దగ్గర ఉన్నాయి. వీధికి అవతల ఇల్లు, నాకు బాబాయిగారు. ఆయనకి పిల్లల్లేరు, పందెం పుంజులున్నాయి. పొద్దున్న వాటికి నానబెట్టిన బాదంపప్పు, సాయంత్రం చెరువులో ఈత. అందులో తెల్లపుంజు, సేతువ అంటారు, ఆయనకి ప్రాణం. దానికి జలుబు చేసిందని మా పెళ్లికి కూడా తలంబ్రాలయ్యాక వచ్చారు.

"బాబాయిగారూ, సేతువ నడుం మీద పొడుగీకలు ఓ పది ఇప్పించండి" అని అడిగాను.

"ఏటమ్మాయ్! రేపు నా మీసం కూడా అడుగుతావా? పందెం పుంజు ఈక పీకితే దాని పౌరుషం పోద్ది."

పీకితే కదా అనుకున్నాను. మర్నాటి నుంచి వాళ్ల వాకిలి నేనే ఊడ్చాను. పిన్నిగారు మురిసిపోయి, అమ్మాయంటే ఇలా ఉండాలని ఊరంతా చెప్పుకున్నారు. వారం తిరిగేసరికి చీపురుకి దొరికినవి పధ్నాలుగు తెల్లీకలు. కొక్కేలు మా ఆయన అమలాపురం నుంచి తెచ్చాడు. మేకవెంట్రుకలు మటన్ కొట్టతను నవ్వుతూ తోకతో సహా ఇచ్చాడు. మెరుపు పోగులకి నా పెళ్లి బాసికం గుర్తొచ్చింది. పెట్టెలోంచి తీసి, అత్తగారు చూడకుండా జలతారు లాగుతుంటే అత్తగారు చూశారు.

"బాసికం ఊడదీసి చేపకి కడతావుటే!" అన్నారు. నేను తల దించుకున్నాను. ఆవిడ తన పెట్టె తెరిచి, అడుగునుంచి తన బాసికం తీశారు. జలతారు నల్లబడి ఉంది. "నాదీ చూడు, పనికొస్తుందేమో. ఆయన కోసవే కదా ఇదీ కట్టుకున్నాను" అన్నారు.

నేను కట్టిన మొదటి చేప చూస్తే మీకూ ముచ్చటేసేది. పధ్నాలుగీకలూ పెట్టాను. మేకవెంట్రుకలు గుప్పెడు పెట్టాను. పూలకొట్టు బుద్ధి ఎక్కడికి పోతుంది? దండన్నాక నిండుగా ఉండాలి, దారం కనపడితే మా నాన్న విప్పించేసేవాడు. పొద్దున్నే ముగ్గురం తూము దగ్గరికి వెళ్లాం, వేడుక చూడ్డానికి బాబాయిగారు కూడా వచ్చారు కాబట్టి. మావయ్యగారు నీళ్లలో వదిలారు. అది మునగలేదు. బాతుపిల్లలా పైపైన తేలుతూ, తల ఊపుకుంటూ వెళ్లింది.

"అమ్మాయ్, ఇది చేపా, పెళ్లికూతురి జడా?" అన్నారు బాబాయిగారు. ఇంటికొచ్చేదాకా ఆయన నవ్వు ఆగలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ సాయంత్రం మావయ్యగారు నన్ను గట్టుకి పిలిచి, నీళ్ల అంచున ఈదుతున్న పిత్తపరిగెల్ని చూపించారు. "చూడమ్మా. పక్కనించి చూస్తే వెడల్పు. పైనించి చూడు, గీత. చేపకి ఒళ్లు తక్కువ, కదలిక ఎక్కువ." అంతవరకూ నేను చేపని కంచంలోనే చూశాను. ఈదుతుండగా చూడ్డం అదే మొదటిసారి.

విప్పేసి ఆరీకలతో మళ్లీ కట్టాను. అది మునిగింది గానీ నీళ్లలో గిరగిరా తిరిగి దారం మెలికలు పడింది. ఈకకి సహజంగా ఒక వంపు ఉంటుంది. నేను వంపులు బయటికి పెట్టి కట్టాను, పువ్వు రేకులు విచ్చుకున్నట్టు. మళ్లీ విప్పి, మూడు ఇటు, మూడు అటు, వంపులు ఒకదానికొకటి ఎదురుగా, దణ్ణం పెట్టిన చేతుల్లా కలిపి కట్టాను. వాటి పక్కన రెండు బాసికాల జలతారు చెరొక పోగు. మెడకి పల్చగా మేకవెంట్రుక. గొంతుకి నా గోళ్లరంగు, కళ్లకి కాటుక, దాని మీద రంగులేని గోళ్లరంగు ఒక పూత. గేదె కుడితి తొట్టి కడిగి, మంచినీళ్లు పోసి అందులో ఈదించి చూశాను. సన్నగా, వంకర లేకుండా, తోక ఆడించుకుంటూ వెళ్లింది. గేదె కూడా తల తిప్పి చూసింది.

ఇక రోజూ తూము దగ్గరికి ప్రయాణం. కొత్త పిచ్చోడు పొద్దెరగడని ఊళ్లో అనుకున్నారు. పాటు ఏ వేళకొస్తే ఆ వేళకి, నేను గెడ మోస్తూ, ఆయన కాలీడుస్తూ. ముడి మాత్రం నేనే వేసేదాన్ని. మూడోరోజు రాయికి పట్టుకుని నేను కట్టిన ఈకల చేప తెగిపోయింది. ఆరోజు సాయంత్రం బాబాయిగారు కాగితం పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టారు. లోపల మంచి పొడుగీకలు, మచ్చ లేని తెలుపు. "రాలినవేనమ్మా, పీకలేదు" అన్నారు ఎటో చూస్తూ. ఈకల మొదళ్లు ఇంకా తడిగా ఉన్నాయి. నేను చూడనట్టే ఊరుకున్నాను.

ఈకలిచ్చారు కాబట్టి ఆయన మాకు గురువుగారైపోయారు. ఏ వారం ఏ రంగు పుంజు గెలుస్తుందో ఆయన దగ్గర లెక్కలున్నాయి. ఆ లెక్క ప్రకారమే చేప కట్టాలన్నారు. ఆదివారానికి ఎర్రీకలు, మంగళవారానికి నల్లీకలు, ఇలా రంగురంగుల చేపలు కట్టించారు. పందేల్లో తిరుగులేని లెక్కంట. మూడు వారాలు పాటించాం. ఒక్క చేప కూడా ముట్టలేదు. ఇంట్లో మాత్రం మావయ్యగారు ఏ ముక్క వేపుడు, ఏ ముక్క పులుసు అని అత్తగారితో రోజూ చర్చ. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ఆవిడ విసుక్కునేవారు. కానీ చింతపండు మాత్రం రోజూ నానబెట్టేవారు. ఎత్తిపోసి, మర్నాడు మళ్లీ నానబెట్టేవారు.

పై ఊళ్లలో నీరు రంగు మారిందని కబురొచ్చింది. ఇంకో రెండు మూడు రోజులు, అంతే. ఆ పొద్దున నేను సేతువ ఈకల చేపనే కట్టాను.

"ఇవాళ లక్ష్మివారం బావా. తెల్లదానికి ఓటమి రాసుంది" అన్నారు బాబాయిగారు.

"రాస్తే రాసేరు. చేప చదివిందేటి?" అన్నారు మావయ్యగారు.

చిన్నగా తొలకరి జల్లు పడుతోంది. తూము నీళ్లు నిండుగా వస్తున్నాయి. తెల్లచేప ఆ నీళ్లలో జారి, మెట్టు నీడ దాటి, ఏటి నీళ్లు కలిసే చోట ఆగింది. మావయ్యగారు గెడ కొస చిన్నగా లాగారు. ఆగారు. మళ్లీ లాగారు. నీళ్లు ఒక్కసారి పేలినట్టయింది. గెడ వంగిపోయింది.

ఆయన పడిపోబోయారు. నేను గెడ అందుకోబోయాను.

"ముట్టుకోకు!" అని అరిచారు. ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు. "ముట్టుకోకమ్మా, నీకు దణ్ణం పెడతాను."

నాకర్థమైంది. నా చెయ్యి పడితే అది ఆయన పట్టిన చేప కాదు. నేను నా చేతుల్ని చంకల్లో పెట్టుకుని నిలబడ్డాను. పండుగప్ప నీళ్లలోంచి పైకి లేచింది, వెండిలా మెరిసి, తల విదిలించి మళ్లీ పడింది. ఎడంచెయ్యి ఒక్కటీ చాలడం లేదు, గెడ జారుతోంది. అప్పుడాయన గెడ మొదలుని కుడిచంకలోకి తోసి, పదహారు నెలలుగా ఏ పనీ చెయ్యని ఆ మోచేత్తో అదిమిపెట్టారు. ఆ చెయ్యి వణికింది గానీ వదల్లేదు. బాబాయిగారు వారాలూ రంగులూ మరిచిపోయి, పందెం బరి దగ్గర అరిచినట్టు అరుస్తున్నారు. నేను ఏడుస్తూ నవ్వుతున్నాను. ఎంతసేపో తెలీదు. చేప అలిసి, పక్కకి వాలి, మెట్ల దగ్గరికొచ్చింది. ఇంక పైకి తియ్యాలి. గెడ వదిలితే పోతుంది. వదలకపోతే తియ్యడానికి ఇంకో చెయ్యి లేదు.

ఆయన చేపని చూశారు. నన్ను చూశారు. అంత పెద్ద నిర్ణయం ఆ మనిషి జీవితంలో ఎన్నిసార్లు తీసుకుని ఉంటాడో నాకు తెలియదు.

"దిగమ్మా" అన్నారు.

చీరతోనే దూకేశాను. నడుం లోతు నీళ్లలో ఆ చేపని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి అదుముకుని పైకొచ్చాను. దాని చెంపరేకు కోసుకుని నా అరచేతిలో రక్తం. నొప్పి సాయంత్రం దాకా తెలియలేదు. నాలుగు కిలోలకి తక్కువుండదని బాబాయిగారు తేల్చారు. మూతి పక్కన సేతువ ఈకలు తడిసి అంటుకుని ఉన్నాయి.

దారంతా వాదనే. గాలానికి తగిలించింది బావగారు, ఒడ్డుకి తెచ్చింది అమ్మాయి, తలకాయ ఎవరిదని బాబాయిగారు ప్రతి గుమ్మం దగ్గరా ఆగి పంచాయితీ పెట్టారు. "అసలు మోసం చేసింది నా సేతువ. తలకాయ దానిదే" అని తీర్పు కూడా ఆయనే చెప్పారు. మావయ్యగారు మాత్రం కాలీడుస్తూ ముందు నడిచారు.

అత్తగారు ఆ రోజు నానబెట్టిన చింతపండు ఎత్తిపొయ్యలేదు. మట్టిదాకలో పులుసు కుతకుతమంటుంటే వీధిలో వెళ్లేవాళ్లు ఆగి, "మాల తీసేసేరాండీ?" అని అడిగారు. వెనక వసారాలో ఎప్పట్లాగే ఆయన పీట వేశాను. ఆయన ఆ పీట ఎడంచేత్తో పట్టుకుని వచ్చి, మా అందరి మధ్యా వేసుకుని కూచున్నారు. అత్తగారు తలకాయ తీసి ఆయన కంచంలో పెట్టారు.

ఆయన దానికేసి చాలాసేపు చూశారు. చెంచాతో ఒకసారి తాకారు. అది కంచంలో పక్కకి జారింది. చెంచా కింద పెట్టేశారు.

"ఇది నేను ఒంటిచేత్తో తినలేనమ్మా" అన్నారు.

అత్తగారు గరిటె దాకలో వదిలేశారు.

"చట్టవూ లేదు, గిట్టవూ లేదు. ఎడంచేతి వేళ్లకి ముళ్లు తెలీవు. ఎవరన్నా తీసిపెడతానంటారేవో, చంటిపిల్లాడిలా తినాలేవోనని భయవేసింది. అందుకని పట్టని చేప తిననన్నాను." తల ఎత్తకుండా, మెల్లిగా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పారు. తర్వాత తలకాయ ఉన్న తన కంచాన్ని ఎడంచేత్తో నా ముందుకి తోశారు. "ఇది నువ్వు తిను. నాకో నడిమి ముక్క వేసి ముళ్లు తియ్యి."

ఆయనది పంతమని పదహారు నెలలు తిట్టుకున్నాను. సిగ్గని నాకు తోచనే లేదు. ఇంట్లో అందరికన్నా ఆయనతో ఎక్కువ మాట్లాడేదాన్ని నేనే, అయినా తోచలేదు. చెయ్యి కడుక్కొచ్చి ఆయన పక్కన కూచున్నాను. దారానికి పువ్వు అందించే వేళ్లు కదా, ముల్లు ఎక్కడున్నా దొరికేసింది. తీసిన ముక్కలు ఆయన కంచం అంచున పెడుతుంటే, ఆయన చెంచా లేకుండా, ఎడంచేతి వేళ్లతో, మా అందరి ఎదుటా తిన్నారు. మూడు ముక్కలు తిన్నారు. అత్తగారు వడ్డిస్తూనే కళ్లు తుడుచుకున్నారు. పులుసులో కారం ఎక్కువైందని బాబాయిగారు కూడా తుడుచుకున్నారు.

తలకాయ నాకేసి చూస్తూనే ఉంది. మూడో రోజు కోడలికి వేసినంత భయం మళ్లీ వేసింది.

"ముందు బుగ్గ తియ్యాలమ్మా, కంటి కిందనించి" అన్నారు మావయ్యగారు. "ఆయ్, అక్కడే. తర్వాత దవడ తెరువు. తొందరపడకు. తలకాయ తినడానికి అరగంట పడద్ది."

నాకు గంట పట్టింది. బుగ్గల్లో ఒకటి తీసి ఆయన కంచంలో పెట్టాను, ఆయన కాదనలేదు. పిల్లి గుమ్మంలో కూచుని చివరిదాకా ఎదురుచూసింది గానీ, దానికి ఎముకలే మిగిలాయి.